ఓడపై వాలెడి చిన్న విమానము



బాలికలకు తగిన వినోదములను గూర్చి ముచ్చటించు ఈ శీర్షికయందు ఈ మాసము మేమొక క్రొత్త క్రీడను మీ ముందుంచుచున్నాము. ఇంజనుతో నెగురు చిన్న విమానమును సన్నని ఉక్కు తీగెలతో పట్టి, తన చుట్టును త్రిప్పి, తుదకు ఓడవంటి బల్లపై దింపుటయే ఆ క్రీడ. ఇది మగపిల్లలకే తగునని కొందరందురు. మేమట్లు తలంపము. ఏలయన ఇందు గెలుపు కండబలమున లేదు, నెమ్మదియందున్నది.

తీగెల విమానమును అమెరికాలో జిమ్ వాకరను నాతడు 1940 ప్రాంతమున ప్రచారమునకు తెచ్చెను. దానినుండి పుట్టినదే ఈ ఓడపందెము. నిజమైన విమానవాహక నౌక మనకు తెలియనిది కాదు. మన తొలి విక్రాంత్ 1961లో నౌకాదళమున చేరి, 1971 యుద్ధమున బంగాళాఖాతమునందు పనిచేసెను. ఆ పేరే పెట్టుకొన్న క్రొత్త నౌక 2022లో కొచ్చిన్‌లో చేరినది. పొట్టి ఓడపై దిగునపుడు విమానము తన తోకక్రింది కొక్కెముతో అడ్డముగా కట్టిన తీగెను తగిలించుకొని ఆగును. ఈ చిన్న విమానమును అటులనే ఆగవలెను.

పందెపు రీతి యిది. తీగెల పొడవు 60 అడుగులు. ఆ కొలతతో 7 చుట్లు తిరిగిన అర మైలగును. మొదట 7 చుట్లు సాధ్యమైనంత వేగముగను, పిదప 7 చుట్లు సాధ్యమైనంత మెల్లగను త్రిప్పి, ఆపైన బల్లపై దింపవలెను. ఆ రెండు వేగముల నిష్పత్తినిబట్టి మెల్లని చుట్లకు గుణములు వచ్చును. చక్కగా దిగినచో 100 గుణములు చేరును. మెల్లగా పోవుట సులువని తలంపకుడు. విమానపు వేగమే తీగెలను బిగువుగా నుంచును. వేగము తగ్గిన తీగె సడలును. తీగె సడలిన విమానము మాట వినదు. కావున అసలు పరీక్ష ఇచ్చటనే యున్నది.

మరి ఆరంభమెట్లు? తొలినాడే ఓడజోలికి పోరాదు. పలుచని పలకనుండి కోసిన చదునైన దేహముగల విమానము మొదట చాలును. విరిగినను అతికించుట సులభము. రెండు తీగెలు పిడినుండి విమానములోని త్రాసుకఱ్ఱవంటి ముక్కకు పోయి, తోకరెక్కను పైకిని క్రిందికిని కదల్చును. పిల్ల తన చూపును విమానముపైననే నిలుపవలెను. వెనుకనున్న చెట్లను చూచినచో తల తిరుగును. సమముగా ఎగురుటయు దిగుటయు అలవడిన పిమ్మటనే ఇంజను వేగమును తగ్గించు మూడవ తీగెయు, కొక్కెమును చేర్చుకొనవచ్చును.

ములకలపల్లి వంటి అడవి అంచు ఊళ్ల తల్లులకు మా మాట. వరి కోసి ఎండిన మడిలో గట్లు లేని చోట నలువైపుల 80 అడుగుల బయలున్నచో స్థలము దొరకినట్లే. విమానమునకు వాడు బాల్సా కఱ్ఱ దక్షిణ అమెరికానుండి వచ్చును, ఖరీదైనది. కొండపల్లి, నిర్మల బొమ్మలు చెక్కెడి పొణికి కఱ్ఱ అంత తేలిక కాకున్నను, చెక్కుట నేర్చుకొనుటకు మంచిది. అనుమతి లేక అడవిలో చెట్టు నఱకరాదు.

జాగ్రత్తలు మూడు. కరెంటు తీగెల దరిదాపుల ఎగురవేయరాదు; ఉక్కు తీగె వానిని తాకిన ప్రాణమునకే ముప్పు. ఎగురవేయుటకు ముందు తీగెలను గట్టిగా లాగి చూచి, పిడి త్రాటిని మణికట్టునకు తగిలించుకొనవలెను. తిరుగు పంకా దరికి వ్రేళ్లు పోనీయరాదు. ఇంధనములో మిథనాలును, తరచుగా మనమెఱిగిన ఆముదమును ఉండును. ఆముదము పేరు విని మోసపోకుడు. మిథనాలు విషము, కన్నులను ప్రాణమును తీయును. దానిని వంటింట నుంచక తాళము వేసి దాచుడు.

గురువు లేక ఈ విద్య రాదు. నేషనల్ కేడెట్ కోరు వైమానిక విభాగమున విమానముల నమూనాలు చేయించి ఎగురవేయింతురు. తీగెల విమానమును అందు కలదు. బాలికలకును ప్రవేశమున్నది. పదవ తరగతి ముగించి కొత్తగూడెమునకో ఖమ్మమునకో చదువబోవు పిల్ల ఏ కళాశాలలో ఆ విభాగమున్నదో ముందుగా విచారించుకొనవలెను.

అయితే ఆ పత్రముపై సంతకము చేయవలసినది తల్లిదండ్రులు. “ఆడపిల్లకు విమానమేల?” అను ప్రశ్న అచ్చటనే పుట్టును. విరిగిన దానిని తానే అతికించుకొనుట, గాలిని చూచి ఆగుట, తొందరపడక దింపుట — ఇవి ఏ బ్రతుకున అక్కరకు రావు? పిల్ల అడిగిననాడు కాదనకుడని మా మనవి.