కొర్రకు పీట, పండించినవారికి వాకిలి

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన నాటి నుంచి మన నగరాలలో చిరుధాన్యాల మేళాలు, దేశీ ఆహారోత్సవాలు, విత్తన సంతలు ఊపందుకున్నాయి. కేంద్ర ప్రభుత్వం ఈ ధాన్యాలకు ‘శ్రీ అన్న’ అని నామకరణం చేసింది. అంతకుముందు ప్రభుత్వ పత్రాలలో ఇవి ముతక ధాన్యాలు. ఊరిలోనైతే లేనివాళ్ల కూడు. జొన్న గటక తాగి బడికి వచ్చిన పిల్లవాణ్ణి చూసి నవ్విన సమాజమే ఇప్పుడు ఆ గటకను గాజు గిన్నెలో పోసుకొని ఆరోగ్య రహస్యమంటున్నది. పేరు మారినందుకు నాకు అభ్యంతరం లేదు. పేరుకు ముందు ‘శ్రీ’ వచ్చి చేరేసరికి పేరు వెనుక ఉన్న మనుషులు ఎటుపోయారన్నదే నా ప్రశ్న.

ఆ మనుషులను చూడాలంటే సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ పల్లెలకు వెళ్ళాలి. అక్కడ సంక్రాంతి నాడు మొదలై దాదాపు నెల రోజులు పాత పంటల జాతర సాగుతుంది. అలంకరించిన ఎడ్ల బండ్లపై విత్తనాల గంపలు ఊరూరా తిరుగుతాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో ఈ జాతరను నడిపే సంఘాలలో అత్యధికులు దళిత మహిళలు. బీడుపడిన భూములను వాళ్లు సామూహికంగా బాగుచేసుకున్నారు, కౌలుకు తీసుకొని సాగుచేశారు. జొన్న, సజ్జ, కొర్ర, సామలతో పాటు కంది, పెసర, అనుము, కుసుమ వంటివి ఒకే చేనులో కలిపి పండించారు. బూడిద, వేపాకు కలిపి విత్తనాన్ని గంపల్లో దాచుకున్నారు. అడిగినవారికి ఇచ్చి, పంట వచ్చాక ఇచ్చినదానికి మించి తిరిగి తీసుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. చదువుకోని స్త్రీలు అని మనం జాలిపడే వారి దగ్గర వ్యవసాయ విశ్వవిద్యాలయం వినవలసిన పాఠం ఉందని చెప్పడానికి ఈ బహుమతి కూడా అవసరం లేదు.

ఆ చేలలో విత్తకుండా మొలిచే ఆకుకూరల సంగతి నగర మేళాలలో వినిపించదు. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి వంటివి ఎవరూ నాటరు, ఎవరూ అమ్మరు. భూమిలేని కుటుంబం ఇతరుల చేనులో కలుపు తీయడానికి వెళ్ళి, వాటిని ఒడిలో కట్టుకొని ఇంటికి తెచ్చుకుంటుంది. ఆ పూట కూర అదే. పట్టా లేనివారికి పరాయి భూమిపై మిగిలిన ఒకే ఒక ఆనవాయితీ హక్కు ఇది. కలుపు మందు పిచికారీ చేసినప్పుడు కూలీ పని, కూర రెండూ ఒకేసారి పోతాయి. దీనిని పర్యావరణ నష్టంగా లెక్కించేవారు ఉన్నారు, కుల నష్టంగా లెక్కించేవారు తక్కువ.

జొన్న తనంతట తాను కంచం దిగిపోలేదు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలిని తగ్గించింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవారికి లేదు. అయితే మెట్టభూమి పేదల ధాన్యానికి అదే మద్దతు దొరకలేదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వాలని రాసుకుంది. చౌక దుకాణంలో మనకు ప్రధానంగా దొరికేది మాత్రం ఇప్పటికీ బియ్యమే. జహీరాబాద్ మహిళలు 1990లలోనే తమ బీడుభూములలో పండిన జొన్నను అక్కడే సేకరించి, అక్కడే నిల్వచేసి, ఆ ఊరి పేదలకే తక్కువ ధరకు పంచి చూపించారు. ఆ నమూనాను రాష్ట్రమంతటా విస్తరించకుండా, మేళాలకు రిబ్బను కత్తిరించడం ప్రభుత్వాలకు తేలిక.

ఇక మాంసం విషయం. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జి-20 అతిథులకు ఇచ్చిన విందులో చిరుధాన్యాలు ఉన్నాయి. విందు మొత్తం శాకాహారం. నేను చూసిన నగర మేళాలలోనూ రొట్టె పక్కన నెయ్యి, బెల్లం, పెరుగు ఉంటాయి. వాడలో ఆ రొట్టెను నంచుకొని తినే ఎండు తునకలు, బోటి, రక్తం వేపుడు ఉండవు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత, బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపినప్పుడు అది దాడులు, బాష్పవాయువు దాకా వెళ్ళింది. అదీ ఆహార వారసత్వ ఉత్సవమే! జహీరాబాద్‌కు ఎంతో దూరం లేని మరాఠ్వాడా దళితుల వంటలపై షాహూ పాటోళే మరాఠీలో రాసిన పుస్తకం 2015లో వస్తే, ఆంగ్లంలోకి 2024లో గానీ రాలేదు. తెలుగు వాడల వంటకు అంతటి గ్రంథం ఇంకా రావలసే ఉంది. విద్యార్థి మిత్రులకు ఇంతకన్నా మంచి పరిశోధనాంశం నాకు తోచడం లేదు.

ఆదివాసుల ఇప్పపువ్వుదీ ఇదే కథ. లడ్డూగా మారి ప్రదర్శనశాలకు వస్తే అది పౌష్టికాహారం. దేవతకు పోయడానికి గూడెంలో సారాగా కాస్తే ఆబ్కారీ కేసు. బొంబాయి రాష్ట్రంలో ఆంగ్లేయులు 1892లోనే ఈ పువ్వుపై ప్రత్యేక చట్టం చేశారు. కొత్త పంటను వేల్పులకు, పెద్దలకు పెట్టనిదే నోట పెట్టని కోయల కొత్తల పండుగకు గుడారాలు అక్కరలేదు. పోడు భూమి కావాలి. అందుకు 2006 అటవీ హక్కుల చట్టం అమలు కావాలి.

పాత పంటల బండ్లు తిరిగే ప్రాంతంలోనే, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో, నిమ్జ్ పారిశ్రామిక మండలం కోసం 12,600కు పైగా ఎకరాలు సేకరించాలని ప్రభుత్వం తలపెట్టింది. అందులో దళితులకు పంచిన అసైన్డ్ భూములూ ఉన్నాయి. ఏ చిరుధాన్యాల మేళా వేదిక మీదా ఈ సంగతి ఎత్తిన వక్తను నేను ఇంతవరకు వినలేదు.