తీగ వచ్చినది, విద్య యేది?

కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రపు వాయవ్యభాగమున ఇటీవల నొక మహాకార్యము నెరవేరినది. శీతకాలపు మంచుబాటలు తప్ప ఏడాది పొడవునను నడచు రోడ్లు లేని ఆ యరణ్యసీమలో, సరస్సుల నడుమగా, సుమారు 1,800 కిలోమీటర్ల పొడవున విద్యుత్తీగలు సాగినవి. ఈ యుద్యమమునకు వటేనికనీయాప్ అని పేరు. వెలుగును దెచ్చు తీగ యని అచ్చటి ఆదివాసుల భాషలో దాని యర్థము. ఇరువదినాలుగు ఆదివాసి సమాజములు ఇందు అధికభాగమునకు యజమానులుగా నున్నవి. 2018 డిసెంబరులో మొట్టమొదట పికాంజికమ్ గ్రామమునకు ఈ వెలుగు చేరినది. అంతవరకు ఆ పల్లెలకు డీజిలు యంత్రములే గతి. యంత్రశక్తి చాలక క్రొత్త యిండ్లు కట్టుటయే నిలిచిపోయిన పల్లెలును గలవు. ఈ దుస్థితి తొలగుట యెల్లరకు సంతోషకరము. కాని యొక ప్రశ్న మిగిలియున్నది. ఊరిలోనికి వచ్చిన తీగను ఇంటిలోనికి దెచ్చి, స్విచ్చి బిగించి, లోపము గలిగిననాడు దానిని సరిచేయువా రెవరు?

ఆ ఎలక్ట్రీషియను విమానమెక్కి దూరపు పట్టణమునుండి రావలసినయెడల, దీపము పల్లెలో వెలుగును గాని కూలి పట్టణమునకే పోవును. తీగ తమదై పనితనము పరులదైనచో, ఆ స్వాతంత్ర్యము సగము మాత్రమే. ఆ పనితనమును ఆ పల్లె యాడుబిడ్డలును పొందవలెనని మా యభిప్రాయము. ఇది దయాధర్మముగా గాక బాకీగా చెల్లింపవలసినదనియు మేము చెప్పుచున్నాము.

బాకీ యనుటకు కారణము గలదు. 1960 దశకమున మనిటోబా రాష్ట్రమున గ్రాండ్ రాపిడ్స్ ఆనకట్ట కట్టినప్పుడు, చెమవావిన్ క్రీ జాతివారి పల్లె నీటమునిగినది. ఆ జనమును ఈస్టర్‌విల్ అనుచోటికి తరలించిరి. నది వారిది, వెలుగు నగరములది. ఇక విద్య మాటయందురా, తల్లిదండ్రులనుండి పిల్లలను వేరుచేసి ప్రభుత్వమును క్రైస్తవసంఘములును నడపిన వసతి పాఠశాలలలో, చాలకాలము సగము దినము చదువు, సగము దినము చాకిరి. బాలికలకు నేర్పినది కుట్టుపని, బట్టలుతుకుట, వంట. ఆ పాఠశాలలలో కడపటివి 1990 దశకమున గాని మూతపడలేదు. ఆ చరిత్రను విచారించిన సత్య–సామరస్య సంఘము 2015లో తొంబదినాలుగు కర్తవ్యములను ప్రకటించినది. అందు 92వది, ఉద్యోగములలోను శిక్షణలోను ఆదివాసులకు న్యాయమైన యవకాశము నీయుడని వ్యాపారసంస్థలకు చేసిన పిలుపు.

పిలుపు వచ్చినంతమాత్రమున పని రాదు. ఒంటారియోలో ఎలక్ట్రీషియను కాగోరువారు 9,000 గంటల అప్రెంటీసు శిక్షణ పూర్తిచేయవలెను. అందు తరగతిలో గడపునవి 840 గంటలు మాత్రమే. తక్కినదంతయు అర్హతగల మేస్త్రీ ప్రక్క నిలిచి పనిచేయుచు నేర్చుకొనవలసినది. తరువాత పరీక్ష, అందు నూటికి డెబ్బది మార్కులు రావలెను. అనగా మొదటి కష్టము పుస్తకము కాదు. నాకడ పని నేర్చుకొమ్మని పిలుచు యజమాని దొరకుటయే. మగపిల్లవానికి తండ్రియో మేనమామయో ఆ వృత్తిలో నుండి దారిచూపుట కలదు. నిర్మాణస్థలములలో పనిచేయువారిలో స్త్రీలు నూటికి సుమారు అయిదుగురే యైన దేశమున, ఆదివాసి యువతికి అట్టి బంధువు ఎచ్చట దొరకును?

కావున మేస్త్రీయే ఈ సమస్యకు కీలకము. మంచి మేస్త్రీ ఆమెచేత చెత్త యూడ్పించి, తీగచుట్టలు మోయించి గంటలు నింపడు. తీగను ముట్టకమునుపు మీటరుతో పరీక్షించుట, మూసిన స్విచ్చికి తాళమువేసి చీటి కట్టుట, గొట్టము వంచుట, ఫలకమున తీగలు కలుపుట వరుసగా నేర్పును. చేసిన పనిగంటలను పుస్తకమున న్యాయముగా వ్రాసి సంతకము చేయును. తోటిపనివారు ఎగతాళి చేసిననాడు మౌనము వహింపడు. పనిస్థలము వెలుపల మరియొక పెద్దదిక్కును కావలెను. తరగతికై పల్లె విడిచి పట్టణము చేరిన యువతికి బస, బిడ్డను చూచుకొనువారు, పరీక్షకు ధైర్యముచెప్పువారు అవసరము. 2000కును 2011కును మధ్య, ఉన్నతపాఠశాల చదువునకై థండర్‌బే నగరమునకు వచ్చిన ఏడుగురు ఆదివాసి విద్యార్థులు మరణించిరి. ఆ సీమలో బిడ్డను పట్టణమునకు పంపు తల్లి భయము ఊరక పుట్టినది కాదు.

స్త్రీకి బలము చాలదనియు, ఇది పక్షపాతమనియు కొందరందురు. ఈ వృత్తికి వలసినది బలముకంటె జాగరూకత. విద్యుత్తు ముట్టినవాని జాతి నడుగదు, లింగము నడుగదు. తప్పు చేసినవారి నెల్లర నొకేరీతిగా శిక్షించును. పరీక్షలో మార్కులు తగ్గింపుమని ఎవరును కోరుటలేదు. పరీక్షవరకు చేరు దారి మాత్రమే కోరుచున్నారు.

మరియొక ప్రమాదము గలదు. పెద్ద పని సాగునంతకాలము అప్రెంటీసులను చేర్చుకొని, పని ముగియగానే పంపివేసినచో, వారి చేతిలో సగము నిండిన గంటల పుస్తకము మిగులును గాని పట్టా రాదు. కావున ఆదివాసి భూములపై కంట్రాక్టు పొందువారు, తాము చేర్చుకొన్న యువతి పరీక్ష ముగియువరకు, తమకడనో మరియొకరికడనో ఆమె పని సాగునట్లు బాధ్యత వహింపవలెను. నేర్పుటకై మేస్త్రీ వెచ్చించు కాలమునకు వేతనము నీయవలెను. ఈ రెండును ఒడంబడికలోనే వ్రాయవలెను. వ్రాయని వాగ్దానముల ఫలితమును ఆ జాతులు బాగుగ నెరుగుదురు.

ఇది మనకు దూరపు కథ యని పాఠకులు తలంపరాదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్పథకమునకై గిరిజన కుటుంబములు భూములు విడిచినవి. 1955 నుండి ఆ విద్యుత్తు మన పట్టణములకును వచ్చినది. ఆ వెలుగులో చదువుకొన్న మనము, ఆ కొండలలోని ఆడుబిడ్డ మీటరు చేతబట్టి పని నేర్చుకొనుటకు వచ్చిననాడు, ఆమెను ప్రక్కన నిలుపుకొని నేర్పు మేస్త్రీని చూపగలమా? కెనడాను ప్రశ్నించు మనము ఈ ప్రశ్నకును సమాధానము సిద్ధపరచుకొనవలసియున్నది.