సంతకం మనది, పెత్తనం వాళ్ళదా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అనలేదు. అని ఉంటే మన ఇళ్ళల్లో దానికి వెంటనే ఒక తోక తగిలించేవాళ్ళు: "నీకెందుకవన్నీ, చూపించిన చోట సంతకం పెట్టు."

ఈ మాటంటేనే నాకు ఒళ్ళుమంట.

వ్యాపారంలో అప్పులైతే ఇల్లైనా మిగులుతుందనో, బ్యాంకు వడ్డీ కాస్త తగ్గుతుందనో, లక్ష్మీకళ అనో ఇంటిని మన పేరున రాయిస్తారు. కొన్నరోజు మనం గృహలక్ష్ములం. అమ్మేరోజుకి ఒట్టి వేలిముద్రలం. బేరమాడేది ఆయన, అడ్వాన్సు లెక్కపెట్టుకునేది ఆయన. దస్తావేజు రాసిచ్చినవారిగా ఉండే పేరు మాత్రం మనది.

ఆ కాగితంలో ఏముంటుందో ఎప్పుడైనా చదివారా? పూర్తి సొమ్ము నాకు ముట్టింది అని ఉంటుంది. ఈ ఇంటి మీద అప్పులూ తగాదాలూ ఏవీ లేవని, రేపు ఏదైనా బయటపడితే నా సొంత ఖర్చుతో తీర్చుకుంటానని పూచీ ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ముందు ఫోటో దిగి, వేలిముద్రలు వేసి, "అవును, నేనే రాసిచ్చాను" అని ఒప్పుకునేది మనమే. రేపు కోర్టు నోటీసు వస్తే "మావారు పెట్టమన్నారండీ" అంటే చెల్లుతుందా?

డబ్బు సంగతీ అంతే. ఇల్లు అమ్మేటప్పుడు 20,000, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. అగ్రిమెంటులో "5 లక్షలు నగదుగా ముట్టినవి" అని రాసిన పేజీ కింద సంతకం ఎవరిది? ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవాళ్ళు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని అమ్మేవాళ్ళ పాన్ మీద కడతారు. లెక్క చూపకపోతే నోటీసు ముందు వచ్చేది ఆ పాన్ ఎవరిదో వాళ్ళకే.

పుట్టింటి ఇల్లు అమ్మేటప్పుడు ఇంకో నాటకం. నాన్న వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానవాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో హక్కు మన తెలుగునాట 1986లో, దేశమంతటా 2005లో వచ్చింది. అందుకే కొనేవాళ్ళ లాయరు అక్కచెల్లెళ్ళ సంతకాలు లేనిదే ఒప్పుకోడు. వాటా అడిగితే అత్యాశ, సంతకం అడిగేటప్పుడు మాత్రం "నువ్వు మా ఇంటి ఆడపడుచువమ్మా". ఒక పట్టుచీర, పసుపు కుంకుమ. కాగితంలో మాత్రం "నా వాటా సొమ్ము ముట్టినది".

"భార్యాభర్తల మధ్య, అన్నాచెల్లెళ్ళ మధ్య అనుమానాలేంటి?" అంటారు. చదవడం అనుమానం ఎలా అవుతుంది? కొనేవాళ్ళు లింకు డాక్యుమెంట్లూ ఈసీ తెప్పించుకుని, లాయరుతో వెతికించి మరీ కొంటారు. వాళ్ళని అనుమానపు మనుషులని ఎవరూ అనరే! నమ్మకం ఉన్నచోట చదవనివ్వడానికి భయమెందుకు?

కాబట్టి అమ్మకం మాట రాగానే నాలుగు సంగతులు అడగండి. అగ్రిమెంటుకీ, క్రయ దస్తావేజుకీ ముసాయిదా రెండురోజుల ముందే మన చేతికి రావాలి. సొమ్ము మన పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే పడాలి. దస్తావేజులో రాసిన అంకె, చేతికొచ్చిన అంకె ఒకటే కావాలి. పవరాఫ్ అటార్నీ ఇమ్మంటే ఎవరికి, ఏ పనికి, ఎన్నాళ్ళకి అని తేలాలి.

అర్థం కాదని భయపడకండి. పదో తరగతి తెలుగు వాచకం కంటే కష్టమేం కాదు ఆ భాష. హద్దులు, ప్రతిఫలం, పూచీ, ముట్టినది... ఈ నాలుగు మాటల దగ్గర ఆగి చదివితే చాలావరకు బోధపడుతుంది. మిగతాది డాక్యుమెంటు రైటర్నే అడగండి, చెప్పే వరకు కుర్చీలోంచి లేవకండి.

చీర కొనేటప్పుడు అంచు, కొంగు, నేత అన్నీ తిప్పి తిప్పి చూస్తాం. ఇల్లు అమ్మే కాగితాన్ని అరగంట చూస్తే ఎవరి పరువూ పోదు. చదవనివ్వకపోతే సంతకం లేదని చెప్పండి. మనం పెట్టకపోతే ఆ అమ్మకమే జరగదు.