సంతకానికి మాత్రమే పిలిచే పరిశోధన

వికలాంగుల హక్కుల చట్టం, 2016లో ఆరో సెక్షన్ అని ఒకటుంది. అందులో రెండో భాగాన్ని మన యూనివర్సిటీల్లో ఎంతమంది పరిశోధన గైడ్లు చదివారో నాకు అనుమానమే. వికలాంగుల మీద పరిశోధన చేయాలంటే ముందు వాళ్లకు అందే పద్ధతిలో విషయమంతా చెప్పి, వాళ్లంతట వాళ్లు ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. ఆపైన ప్రభుత్వం వేసిన వైకల్య పరిశోధనా కమిటీ అనుమతి ముందుగానే తీసుకోవాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులో, నమోదైన వాళ్ల సంఘాల సభ్యులో అయి తీరాలి. ఇది ఎవరో దయతలచి ఇచ్చిన సలహా కాదు, పార్లమెంటు చేసిన చట్టం.

మరి జరుగుతున్నదేమిటి? హాస్టల్ వార్డెన్‌కి ఒక ఫోను: ‘పీహెచ్ పిల్లల్ని సాయంత్రం కాస్త కూర్చోబెట్టండి సార్, పావుగంట పని.’ అచ్చేసిన ప్రశ్నావళి పంచుతారు. చూపులేని కుర్రాడికి పక్కవాడు చదివి వినిపిస్తాడు, టిక్కు కూడా వాడే పెట్టేస్తాడు. వినపడని అమ్మాయి కోసం సైగల భాష తెలిసిన మనిషిని పిలవాలన్న ఆలోచనే రాదు. అడుగున సంతకం. దానికి సమ్మతి అని పేరు! నేనైతే దోపిడీ అంటాను.

అసలు ఆ ప్రశ్నలు చూస్తేనే ఒళ్లు మండుతుంది. నీ ఆత్మవిశ్వాసం ఏ స్థాయిలో ఉంది? తోటి విద్యార్థులతో సర్దుకుపోగలుగుతున్నావా? లైబ్రరీకి వెళ్లడానికి జంకుతున్నావా? లిఫ్టు లేని భవనంలో లైబ్రరీని పై అంతస్తులో ఎందుకు పెట్టారని మాత్రం వైస్ ఛాన్సలర్‌ని ఎవరూ అడగరు. పరీక్షలో రాసిపెట్టే స్క్రైబ్ కోసం పెట్టిన దరఖాస్తు ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లు పడి ఉంది, వైకల్యాన్ని ధృవీకరించే సదరం సర్టిఫికెట్ కోసం ఎన్ని క్యాంపుల చుట్టూ తిరగాల్సి వచ్చింది, ఇవేవీ ప్రశ్నలు కావు. లోపం కట్టడంలో ఉంటే కొలత మాత్రం పిల్లవాడి మనసుకి. డిగ్రీకి రాకుండానే ఇంటర్‌లో ఆగిపోయినవాళ్లయితే ఆ శాంపిల్‌లోనే ఉండరు.

ఈ కథ కొత్తది కాదు. 1960లలో ఇంగ్లండ్‌లో లె కోర్ట్ అనే వికలాంగుల నివాసంలో ఉన్నవాళ్లు తమ జీవితాల మీద తమకే అధికారం కావాలని పోరాడుతూ, పరిశోధకుల్ని వాళ్లే రమ్మన్నారు. నిజం బయటికొస్తుందని ఆశపడ్డారు. ఎరిక్ మిల్లర్, జెరాల్డిన్ గ్విన్ వచ్చారు, చూశారు. మేం ఎవరి పక్షమూ కాదని చెబుతూనే 1972లో వేసిన పుస్తకంలో తేల్చిందేమిటి? సమాజం దృష్టిలో వీళ్లు ఎప్పుడో చనిపోయారనీ, దేహం కూడా పోయేదాకా సాకడమే ఇలాంటి సంస్థల పననీ. పిలిచినవాళ్లలో ఒకడైన పాల్ హంట్ ఊరుకోలేదు. ఆ పరిశోధకుల్ని పరాన్నజీవులన్నాడు. ఆయన చనిపోయాక 1981లో అచ్చయిన ఆ వ్యాసం నేటికీ మన సోషల్ సైన్స్ విభాగాలకు చెంపపెట్టే.

ఇక తెలుగులో వచ్చే థీసిస్‌ల సంగతి. యూనికోడ్ కాని అను ఫాంట్‌లో టైపు చేసి, పీడీఎఫ్ చేసి పడేస్తారు. లేదా కాగితాలు స్కాన్ చేస్తారు. తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి మొదటిది అర్థంలేని అక్షరాల కుప్ప, రెండోది ఖాళీ కాగితం. అంధుల చదువు మీద రాసిన థీసిస్‌ని అంధులే చదవలేరు! యూనికోడ్‌లో ఇవ్వకపోతే సమర్పణే చెల్లదని ఒక్క సర్క్యులర్ వేస్తే తీరిపోయే పని. ఆ మాత్రం కూడా చేతకాలేదా?

లెక్కలదీ అదే తీరు. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యా సంస్థల్లో, నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవాళ్లకు 5 శాతానికి తగ్గకుండా సీట్లివ్వాలంటుంది అదే చట్టంలోని 32వ సెక్షన్. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో మొత్తం 4.13 కోట్ల మంది విద్యార్థులుంటే వికలాంగులు 79,035 మంది. వందకు పావు మనిషి కూడా లేడు. అదీ కాలేజీలు నింపి పంపిన లెక్క. చట్టం గుర్తించిన వైకల్యాలు 21. చదవడంలో తడబడే పిల్లల్ని, మానసిక అనారోగ్యంతో నలిగేవాళ్లని ఆ సర్వే ఫారం నింపే గుమాస్తా ఎలా పోల్చుకుంటాడు?

పరిశోధన వికలాంగుల చేతుల్లోనే ఉండాలంటే, ‘వికలాంగులే పరిశోధిస్తే నిష్పాక్షికత ఏం గాను?’ అని పెద్దమనుషుల అభ్యంతరం. అయ్యా, మెట్లెక్కగలిగినవాడికి మెట్లు కనపడవు. అదీ ఒక పక్షపాతమే, కాకపోతే దానికి ప్రొఫెసర్ హోదా ఉంది. హైదరాబాద్‌లోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం వికలాంగుల అనుభవాల్ని పునాదిగా చేసుకుని సుప్రీంకోర్టుకి ఒక నివేదిక ఇచ్చింది. దాన్ని కూడా పరిగణనలోకి తీసుకుని 2024 నవంబరు 8న, రాజీవ్ రతూరి కేసులో, అందుబాటు ప్రమాణాల గురించిన ప్రభుత్వ నిబంధన 15(1) వికలాంగుల హక్కుల చట్టానికే విరుద్ధమని కోర్టు తేల్చింది, తప్పనిసరి ప్రమాణాలు రాయమంది. వార్డెన్‌కి ఫోన్ చేసి నింపించిన ప్రశ్నావళుల్లో ఒక్కటైనా ఒక్క ర్యాంప్ కట్టించిందా?

తమ్ముడూ, చెల్లీ, రేపు మీ హాస్టల్‌కి ఆ కాగితాలు వస్తాయి. కమిటీ అనుమతి పత్రం చూపించమనండి. ప్రశ్నలు రాసినప్పుడు మాలో ఎవరున్నారు, ప్రాజెక్టు డబ్బులో మాకు జీతమెంత, పేపర్ మీద మా పేరుంటుందా, అచ్చయ్యాక మేం చదవగలిగేలా ఇస్తారా అని అడగండి. జవాబు రాకపోతే సంతకం పెట్టకండి.