చెయ్యి పడిపోయి లేస్తే గ్లూకోజు సీసానా?

పాశమైలారంలో రాత్రి షిఫ్టు. పానా పట్టుకున్న కుడిచెయ్యి ఉన్నట్టుండి పట్టు వదిలేస్తుంది. పక్కవాడు పలకరిస్తే మాట ముద్దముద్దగా వస్తుంది. పావుగంటలో అంతా మామూలే. తెల్లారి ఆర్‌ఎంపీ దగ్గర ఒక గ్లూకోజు సీసా, ‘నీరసం, గ్యాసు’ అని ఒక మాట, సాయంత్రానికి మళ్లీ డ్యూటీ.

‘తగ్గిపోయిందిగా’ అనే ఆ మాట మీదే నా కోపమంతా. అది తగ్గిపోవడం కాదు, పెద్ద పక్షవాతం ముందుగా పంపిన కబురు. మెడ పక్కనుంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనిలో కొవ్వు పేరుకుని, అందులోంచి ఒక ముక్క ఊడి పైకి పోయినా ఇలాగే అవుతుంది. ఒక కంటికి నల్లతెర దిగినట్టయి మళ్లీ చూపు రావడమూ ఆ కోవలోదే. అసలు ముప్పు ఆ తర్వాతి కొద్దిరోజుల్లోనే ఎక్కువ.

ఇలాంటి లక్షణం వచ్చి, నాళం 70 శాతానికి పైగా మూసుకుపోయినవాళ్ల మీద అమెరికా, కెనడాల్లో జరిగిన నాసెట్ పరిశోధన ఫలితం 1991లోనే వచ్చింది. మందులతోనే ఉన్న నూరుమందిలో 26 మందికి రెండేళ్లలో ఆ నాళం వైపు మెదడు దెబ్బతిని పక్షవాతం వచ్చింది. మెడ కోసి, నాళం తెరిచి, కొవ్వు తీయించుకున్నవారిలో 9 మందికే. ఆ మేలు కూడా రెండు వారాల్లోపు చేస్తేనే ఎక్కువ. ఆలస్యమయ్యేకొద్దీ తరిగిపోతుంది.

రెండు వారాలు! కాంట్రాక్టు కార్మికుడికి ఒక రోజు సెలవు అడగాలంటేనే భయం. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాడి నుంచి నెలనెలా 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం ఈఎస్‌ఐకి పోతోంది. ఆ డబ్బు కట్టినవాడికి డిస్పెన్సరీ నుంచి రామచంద్రపురం ఆసుపత్రికి, అక్కణ్నుంచి ఇంకో చోటికి చీటీలు రాసుకుంటూ పోతే గడువు కాగితాల్లోనే కరిగిపోతుంది. ఈ లక్షణంతో వచ్చినవాడికి ఆ రోజే మెడ డాప్లర్, మెదడు స్కాన్ చేయాలి. మర్నాటికల్లా రిఫరల్ చేతిలో పెట్టాలి. ఇది దయ కాదు, అతని హక్కు.

ఇక రెండో అన్యాయం. ఏ లక్షణమూ లేని మనిషి హెల్త్ చెకప్ ప్యాకేజీకి పోతాడు. ‘మెడలో 60 శాతం బ్లాక్, వెంటనే చేయించుకోండి’ అని బెదరగొడతారు. ఎందుకంత తొందర? లక్షణం లేనివాళ్ల మీద 2025లో వచ్చిన క్రెస్ట్-2 పరిశోధనలో 70 శాతం, అంతకుమించి మూసుకున్నవాళ్లనే తీసుకున్నారు. గట్టిగా మందులు వాడినవారికన్నా ఆపరేషన్ చేయించుకున్నవారికి స్పష్టమైన మేలు తేలలేదు. కోయకుండా నాళంలో స్టెంట్ వేసినవారిలో తేడా కనిపించింది గానీ, అది నాలుగేళ్లలో నూరుమందికి ముగ్గురి లెక్క. ఆ మనిషికి బీపీ, షుగరు అదుపు, కొలెస్టరాల్ మాత్ర, బీడీ మానడం ముందు. ఆలోచించుకోవడానికి, రెండో డాక్టర్‌ను అడగడానికి కావలసినంత వ్యవధి ఉంది. పూర్తిగా మూసుకుపోయిన నాళానికైతే మామూలుగా ఈ ఆపరేషనే చేయరు. ఆ సంగతి ఎంతమందికి చెబుతున్నారు?

తేల్చాల్సింది శాతం ఒక్కటే కాదు, లక్షణం ఉందా లేదా అన్నది ముందు. అవసరమని తేలితే సర్జన్‌ను ఎదురుగా కూర్చుని అడగండి: ఇలాంటివి ఎన్ని చేశారు, వాళ్లలో ఎంతమందికి ఆపరేషన్‌లోనే పక్షవాతం వచ్చింది, ఎంతమంది పోయారు? లక్షణం ఉన్నవారిలో ఆ లెక్క నూటికి ఆరు దాటకూడదని, లేనివారిలో మూడు దాటకూడదని వైద్యులు పెట్టుకున్న హద్దు. ఆ లెక్క చెప్పని చోట మెడ కోయించుకోవద్దు.