గోలీ ఎంత వడిగా దొర్లింది?

రైలుబండి లెక్కలు చెయ్యకుండా బడి దాటినవాళ్లు మనలో ఎవరూ ఉండరు. గంటకు ఇన్ని కిలోమీటర్లు పోయే బండి, ఇంత పొడుగు వంతెన, దాటడానికి ఎంతసేపు? గంటకు కిలోమీటర్లను 5 చేత హెచ్చవేసి 18 చేత భాగిస్తే సెకనుకు మీటర్లు వస్తాయని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. కాని ఆ బండి గంటకు 72 కిలోమీటర్లు పోతున్నదని ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు? ఈ ప్రశ్న వేసే పిల్లవాడు తరగతికి ఒక్కడున్నా ఆ మాస్టారు అదృష్టవంతుడే.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సైన్సు రికార్డు ఈమధ్య నా చేతికి చిక్కింది. తెలుగు చెప్పుకునేవాడికి దానితో పనేమిటంటారేమో! అక్షరదోషాలు వెతకడం మా జాతి లక్షణం. దోషాలు లేవు. వాలుగా పెట్టిన గాడిలో గోలీని వదిలి, చివరిదాకా దొర్లడానికి పట్టిన కాలాన్ని కొలిచి, వడి కట్టడం ప్రయోగం. పట్టికలో అయిదు వరసలు. అయిదింటిలోనూ 4.8 సెకన్లే.

"అయిదుసార్లూ ఒక్కటే వచ్చిందా అమ్మా?" అన్నాను.

"వేరువేరుగా వేస్తే తప్పంటారు నాన్నా. క్లాసులో అందరం ఇదే వేశాం."

"ఇంతకీ గోలీ దొర్లించారా?"

"సారు ఒకసారి దొర్లించి చూపించారు. ఈలోగా బెల్లు కొట్టేశారు."

ఆ మాస్టారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అరవైమంది పిల్లలు, ఒక్క స్టాప్‌వాచీ, ముప్పావుగంట పీరియడు; పైగా ఆ నెలలోనే పరీక్ష. కాని అయిదు కొలతలూ అచ్చుగుద్దినట్టు ఒక్కటే ఉంటే అది బాగా కొలిచారనడానికి కాదు, అసలు కొలవలేదనడానికి గుర్తు. గోలీ చివరికి చేరడం కంటికి కనబడాలి. కన్ను చూసిందాన్ని వేలు అందుకొని మీట నొక్కాలి. ఈ రాయబారానికి సెకనులో అయిదోవంతు అటూఇటూగా పడుతుంది. ఒక్కోసారి వేలు తొందరపడి ముందే నొక్కుతుంది. పది గంటల రైలు ప్రయాణంలో ఈ తేడా లెక్కలోకే రాదు. రెండున్నర సెకన్లలో పరుగు ముగించే గోలీ విషయంలో మాత్రం అది పన్నెండోవంతు! ఇప్పటి ఫోన్లలో గడియారం సెకనులో నూరోవంతుదాకా అంకెలు చూపిస్తుంది. ఆ చాకచక్యం గడియారానిదే గాని వేలిది కాదు సుమండీ.

ఇటలీలో గెలీలియోకు ఫోను మాట అటుంచి, సెకన్లు చూపే గడియారమే లేదు. పన్నెండు మూరల దూలానికి గాడి తొలిపించి, లోపల నునుపైన తోలుకాగితం అతికించి, చక్కగా సానబట్టిన కంచు గుండును అందులో వదిలేవాడు. కాలం కొలవడానికి ఒక పెద్ద పాత్రలో నీళ్లు, అడుగున సన్నని గొట్టం. గుండు కదలగానే నీళ్లు పట్టడం, చివరికి రాగానే ఆపడం, పట్టిన నీళ్లను త్రాసులో తూచడం. నీటి బరువే కాలం! ఇలా నూరుసార్లు చేసి చూశానని 1638 లో అచ్చయిన గ్రంథంలో రాసుకున్నాడు. ఇంత మోటు సాధనాలతో అంత కచ్చితం ఎలా కుదురుతుందని 1953 లో అలెగ్జాండర్ కొయిరే అనే చరిత్రకారుడు ఎగతాళి చేశాడు. 1961 లో థామస్ సెటిల్ అనే ఆయన వాదం పెట్టుకోకుండా దూలం, గుండు, నీళ్లు సమకూర్చుకొని తానే చేసి చూశాడు. కుదిరింది.

నీటితో కాలం కొలవడం మనకు మాత్రం కొత్తా? అడుగున చిల్లి ఉన్న గిన్నెను నీటి మీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. అందులో అరవయ్యోవంతు విగడియ, 24 సెకన్లు. విగడియలో ఆరోవంతు పేరు 'ప్రాణం'. ఒక ఊపిరి తీసి విడిచే సేపన్నమాట. మా అమ్మాయి గోలీ పరుగు ఒక ప్రాణానికి కాస్త ఎక్కువ.

ఆ ఆదివారం మేమిద్దరం ప్రయోగం ఇంట్లోనే పెట్టాం. కరెంటు తీగల కోసం గోడకు కొట్టే ప్లాస్టిక్ పట్టీ రెండు మీటర్లది కొనుక్కొచ్చి, ఒక చివర కింద శబ్దరత్నాకరం ఎత్తు పెట్టాం. ఆ నిఘంటువుకు ఇది కొత్త ఉద్యోగం. గోలీ రెండు మీటర్లు దొర్లడానికి వచ్చిన అంకెలు: 4.9, 4.7, 5.1, 4.8, 4.9. సగటు 4.88. తరవాత యాభై సెంటీమీటర్లకే కొలిచాం: 2.5, 2.3, 2.6, 2.4, 2.5. సగటు 2.46. చూశారా? దూరం నాలుగోవంతుకు తగ్గినా కాలం సగానికే తగ్గింది. గెలీలియో నీళ్లు తూచి పట్టుకున్న రహస్యం ఇదే. పొడుగంతా తీసుకుంటే సెకనుకు 41 సెంటీమీటర్లు. మొదటి ముక్క వరకే తీసుకుంటే సుమారు 20. మరి గోలీ వడి ఎంత అంటే ఏం చెప్పాలి? ఎక్కడినుంచి ఎక్కడిదాకా అని ఎదురుప్రశ్న వెయ్యాలి. అయిదుసార్లు 4.8 వేసిన పట్టికలోనుంచి ఈ ప్రశ్న పుట్టదు.

వడి అన్నాను గదా, దాని సంగతి కూడా చెప్పాలి. వాడుకలో వడి, వేగం ఒకటే మనకు. సైన్సు పుస్తకాలు వాటిని విడదీశాయి. దిక్కుతో పనిలేకుండా చెబితే వడి, దిక్కు కూడా కలిపి చెబితే వేగం. ఏటి నీటికీ, ఎద్దుబండికీ వాడుకున్న అచ్చతెలుగు మాటకు ఇంత గట్టి ఉద్యోగం ఇచ్చినవారెవరోగాని, భాష తెలిసినవారు.

ఇంట్లో పట్టీలూ నిఘంటువులూ పరచడం కుదరనివారికి రైలుబండి ఉండనే ఉన్నది. పూర్వం పదమూడు మీటర్లకొక అతుకు ఉండే పట్టాల మీద బండి టకటకమంటూ పోయేది. 47 సెకన్లలో ఎన్ని టకటకలు వినబడితే గంటకు ఇంచుమించు అన్ని కిలోమీటర్లు. ఇప్పుడు చాలాచోట్ల పట్టాలను పొడుగునా కలిపి అతికేశారు కనక ఆ సంగీతం పోయింది. కిలోమీటరు గుర్తులు మాత్రం పట్టాల పక్కనే కనబడుతుంటాయి. ఒకదాని నుంచి రెండోదానికి ఎన్ని సెకన్లో చూసి, 3600 ను ఆ అంకె చేత భాగించండి. 45 అయితే గంటకు 80. కిటికీ దగ్గర కూర్చున్న పిల్లలిద్దరి చేతా విడివిడిగా కొలిపించండి. పది కిలోమీటర్లూ ఇద్దరికీ ఒకే అంకె వస్తే, ఎవరి కాగితంలోకి ఎవరు తొంగిచూశారో కనుక్కోండి.