చుట్టాలను పిలిచే ముందు

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరుగుతాయని 2025 నవంబర్ 26న గ్లాస్గోలో ఖరారైంది. మర్నాడు మా ఆఫీసు క్యాంటీన్‌లో రెండు మాటలు విన్నాను. ఒకాయన "ఇంకేం, 2036 ఒలింపిక్స్ కూడా మనకే" అన్నాడు. ఇంకొకాయన "తిండి లేని దేశానికి ఆటలెందుకు? ముందు ఆస్పత్రులు కట్టమను" అన్నాడు. మొదటాయన పోయినసారి కామన్వెల్త్ క్రీడలు ఎక్కడ జరిగాయో చెప్పలేడు. రెండో ఆయన ఐపీఎల్ టికెట్ కోసం రెండు గంటలు ఆన్‌లైన్ క్యూలో కూర్చున్న మనిషి. ఇద్దరూ నాకు ఇష్టమైనవాళ్లే. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. రెండోదానితో కాస్త ఎక్కువే, ఎందుకంటే ఆ తిండి లేనివాళ్ల జాబితాలో మా పేరు రాస్తారు.

మేమంటే కర్నూలు, కడప. నేను పుట్టింది కర్నూలు జిల్లా పడమటి వైపు, వాన మొహం చాటేసిన ఏడాది సగం ఊరు సుగ్గికి పోయే చోట. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోవడాన్ని మా కాడ సుగ్గికి పోవడం అంటారు. తెలుగు పాఠకుడు మమ్మల్ని ఈ కరువుతోనే గుర్తుపడతాడు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ లాంటివాళ్లు రాయకపోతే ఆ మాత్రం కూడా తెలిసేది కాదు కాబట్టి రాసినవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా చదివినవాళ్ల మీద. చదివి చదివి, సీమ మనిషికి నీళ్లు తప్ప ఇంకో కోరికే ఉండదని తేల్చేసుకున్నారు. కరువు నేలలో జనం పోటీలు పెట్టుకుంటారనీ, వాటి కోసం డబ్బు ఖర్చు పెడతారనీ వాళ్లకు తోచదు.

పెడతారు. బండలాగుడు చూడని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఉగాదికో, ఊరి దేవుడి తిరునాళ్లకో ఒంగోలు జాతి ఎద్దుల జతలు వస్తాయి. ఎద్దు పళ్లను బట్టి విభాగాలు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. బరువైన రాతిబండను ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. వేరే జిల్లాల నుంచి, ఒక్కోసారి తెలంగాణ నుంచి కూడా జతలు వస్తాయి. వచ్చినవాళ్లకు భోజనం, ఎద్దులకు మేత, నీళ్లు, కరెంటు, మైకు, షామియానా, బహుమతులు, గొడవైతే చూసుకోవడానికి మనుషులు. ఇది ఆతిథ్యం కాకపోతే ఇంకేమిటి? మా ఊరి స్థాయికి అదే ఒలింపిక్స్.

2002లో వానలు లేవు. శనక్కాయ ఎండిపోయింది. పోటీలు పెట్టాలా వద్దా అని రచ్చకట్ట దగ్గర రెండు సాయంత్రాలు వాదులాడుకున్నారు. "తాగడానికి ట్యాంకరు నీళ్లు, మళ్లా ఎద్దులకు యాడ తెస్తాం?" అని కొందరు. "ఈ ఒక్క పండగా లేకుంటే ఊరు ఊరట్టా ఉంటాదా?" అని కొందరు. చివరికి బహుమతులు తగ్గించి, సీనియర్ల విభాగం ఎత్తేసి పోటీ పెట్టారు. అయిపోయిన మర్నాడు గుడి దగ్గర లెక్క చదివారు. ఎవరెంత ఇచ్చారు, మైకు సెట్టుకెంత, బియ్యానికెంత, మిగిలిందెంత. ఆ వాదనలో ఆడవాళ్లను ఎవరూ అడగలేదు, వంట మాత్రం వాళ్లే చేశారు. ఎస్సీ కాలనీ వాళ్లు అడగకుండానే చందా ఇచ్చారో, అడిగించుకుని ఇచ్చారో నాకు అప్పటికి అర్థమయ్యే వయసు లేదు. కాబట్టి ఇదేదో గ్రామ స్వరాజ్యం అని నేను మురిసిపోవట్లేదు. కానీ కరువులో ఉన్న జనం ఆట వద్దనలేదు, ఎంత ఖర్చు, ఎవరి ఖర్చు అని అడిగారు. మా క్యాంటీన్‌లోని ఇద్దరూ అడగని ప్రశ్న అదే.

ఆ మరుసటేడు, 2003లో, అంతకంటే పెద్ద చుట్టాలు వచ్చారు. అక్టోబర్ 24 నుంచి నవంబర్ 1 దాకా హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. ఢిల్లీలో జరగాల్సినవి వాయిదాల మీద వాయిదాలు పడి మన దగ్గరికి వచ్చాయి. గచ్చిబౌలి స్టేడియం అంతకు ముందే, 2002 జాతీయ క్రీడల నాటికే సిద్ధంగా ఉంది. అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు మీద దాడి జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. అదే ఏడాది ఎండాకాలం అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో గంజి కేంద్రాలు నడిచాయి. పతకాల్లో చైనా తర్వాత మనమే. టీవీలో చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ చప్పట్లకు ఇవాళ సిగ్గుపడను. రెండో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు 2007లో అల్జీర్స్‌లో అన్నారు. జరగలేదు. ఆ తర్వాత ఎక్కడా, ఎప్పుడూ జరగలేదు. ప్రపంచంలో ఒకే ఒక్కసారి జరిగిన పోటీకి ఆతిథ్యమిచ్చిన ఘనత మనది.

ఆ ఆగస్టులోనే ఇంకో పనీ జరిగింది. ఒలింపిక్స్ స్థాయి క్రీడాకారులను తయారుచేస్తామన్న ఐఎంజీ భారత అనే సంస్థతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. హైదరాబాద్ చుట్టూ 850 ఎకరాలు, అందులో 400 ఎకరాలు కంచ గచ్చిబౌలిలో. 2006లో వైఎస్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కోర్టుల్లో పద్దెనిమిదేళ్లు నానింది. రద్దు సబబేనని 2024లో హైకోర్టు చెప్పింది. ఆ 400 ఎకరాలే 2025 వసంతంలో మీరు ఫోన్లలో చూసిన నెమళ్లు, బుల్డోజర్లు, హైదరాబాద్ యూనివర్సిటీ పిల్లల అరెస్టులు. మధ్యలో అక్కడ ఆడినవాడు ఒక్కడూ లేడు. ఆటల పేరుతో కాగితమెక్కిన నేల చివరికి ఐటీ పార్కుల పేరుతో వేలానికి సిద్ధమైంది, సుప్రీంకోర్టు ఆపింది. అక్కడికి దగ్గర్లోనే కూర్చుని కోడ్ రాసుకుని జీతం తీసుకునేవాణ్ని, నేనేమీ ఒడ్డున లేను.

"ఆటలొద్దు, ఆస్పత్రి కట్టండి" అనేవాళ్లకు ఒక చిన్న సమాచారం. గచ్చిబౌలి క్రీడా గ్రామంలోని బహుళ అంతస్తుల భవనం 2020లో కోవిడ్ ఆస్పత్రి అయింది. కాబట్టి ఆ డిమాండ్ ఒకసారి నెరవేరింది కూడా.

ఇక్కడ మా సీమ వాళ్లతో కూడా నాలుగు మాటలు అనాలి. హైదరాబాద్ అంతా తినేసింది, అమరావతి అంతా తినేస్తోంది అని మనం ఏడుస్తాం. 2003లో ముఖ్యమంత్రి చిత్తూరు జిల్లా మనిషి. 2007 అక్టోబర్‌లో ప్రపంచ మిలిటరీ క్రీడలు హైదరాబాద్‌లో జరిగినప్పుడు ముఖ్యమంత్రి పులివెందుల మనిషి. యూసుఫ్‌గూడలో ఇండోర్ స్టేడియానికి కర్నూలు మనిషి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరుంది. ముఖ్యమంత్రులను పంపింది మనం. వాళ్ల పేర్లు హైదరాబాద్ గోడల మీద చదువుకుని సంతోషపడిందీ మనమే. 1953 నుంచి 1956 దాకా కర్నూలు రాజధానిగా ఉండిందని ఇప్పటికీ చెప్పుకుంటాం గానీ, మన మనిషి కుర్చీలో ఉన్నప్పుడు ఒక్క పెద్ద పోటీ అయినా ఇక్కడికెందుకు రాలేదని అడిగిన పాపాన పోలేదు. అవతలివాడు కోస్తా వాడైతేనే మనకు నోరు లేస్తుంది.

ఆతిథ్యం ఖర్చు ఎవరి పళ్లెంలోంచి పోతుందో తెలియాలంటే 2010 ఢిల్లీ చూడాలి. కల్మాడీ అరెస్టు, స్టేడియం దగ్గర కూలిన పాదచారుల వంతెన అందరికీ గుర్తే. కాగ్ తేల్చిన మొత్తం ఖర్చు 18,532 కోట్లు, అదీ గుర్తుండొచ్చు. గుర్తులేనిది ఇంకోటుంది. దళితుల కోసం కేటాయించిన ఉప ప్రణాళిక నిధులు ఆ క్రీడల పనులకు మళ్లాయి. ప్రాథమికంగా చూస్తే 678 కోట్ల దాకా మళ్లినట్టు కనిపిస్తోందని హోంమంత్రి చిదంబరం 2010 ఆగస్టులో రాజ్యసభలోనే ఒప్పుకున్నారు. ఆ క్రీడల్లో మనకు 101 పతకాలు వచ్చాయి. ఆ సంఖ్య క్విజ్ పోటీల్లో అడుగుతారు. 678 ఎవరూ అడగరు. పతకాలు చూసి నేను పొంగిపోయిన మాట నిజం, ఈ లెక్క చదివి కడుపులో తిప్పిన మాటా నిజం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటాన్ని దేశద్రోహం అనేవాడితో నాకు చర్చ లేదు. ఆషాఢభూతితనం అనేవాడితో ఉంది.

వేరే చోట్ల ఏం చేస్తారు? అడుగుతారు. ఒలింపిక్స్ కావాలా అని 2015లో హాంబర్గ్ జనాన్ని ఓటు అడిగారు, సగానికి పైగా వద్దన్నారు, బిడ్ వెనక్కి తీసుకున్నారు. 2018లో కెనడాలోని కాల్గరీలోనూ అదే జరిగింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ అప్పు తీరడానికి ముప్పై ఏళ్లు పట్టిన దేశం కదా, వాళ్లకు తెలుసు. 2026 కామన్వెల్త్ క్రీడలు నిర్వహిస్తామన్న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, ఖర్చు రెట్టింపు దాటేలా ఉందని 2023లో చేతులెత్తేసింది. పరువు పోయిందని కొందరు తిట్టారు, కొంపేం మునగలేదు. వాళ్లు ధనికులు కాబట్టి వద్దనగలిగారు అంటారా? మా ఊరి రచ్చకట్ట దగ్గర సీనియర్ల విభాగం ఎత్తేసినవాళ్లు ధనికులేం కాదు.

"ప్రతిదానికీ జనాన్ని అడిగితే పనవుతుందా" అంటాడు మా మొదటాయన. మా ఇద్దరి టీములోనూ ఒక బటన్ రంగు మార్చడానికి ముగ్గురు ఆమోదించాలి. తేడా వస్తే వెనక్కి తీసుకునే ప్లాన్ రాసివ్వాలి. దానికి విసుక్కుంటాం గానీ ఇది ప్రజాస్వామ్యానికి ఎక్కువ అని ఎప్పుడూ అనుకోం.

శ్రీచరణి సంగతి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె అమ్మాయి. 2025 మహిళల ప్రపంచకప్ మన దేశంలో జరిగింది, విశాఖలో కూడా మ్యాచ్‌లు పెట్టారు. నవంబర్ 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను ఓడించిన జట్టులో ఆ ఎడమచేతి స్పిన్నర్ ఉంది. ఆ రాత్రి మా అమ్మ ఫోన్ చేసి "మన కడప పిల్లంట్రా" అంది. ఆమెకు క్రికెట్ తెలీదు, కడప మాకు వేరే జిల్లా, అయినా "మన". సొంత గడ్డ మీద పోటీ జరిగితే ఇలాంటిది దొరుకుతుంది. దీనికి లెక్కలు కట్టలేం, కట్టాలని నాకు లేదు కూడా. ప్రభుత్వం ఆమెకు 2.5 కోట్లు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఇంకా ఇవ్వాలి. కానీ ప్రపంచకప్ ఎర్రమల్లెకు రాలేదు, ఎర్రమల్లె పిల్లే అక్కడికి పోయింది. బ్రెజిల్‌లో బధిరుల ఒలింపిక్స్ నుంచి టెన్నిస్‌లో కాంస్యం తెచ్చిన కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ కూడా అంతే. వీళ్లను చూపించి "చూశారా, అందుకే పెద్ద పెద్ద స్టేడియాలు కావాలి" అనడం మాత్రం ఎదురు లెక్క.

ఇప్పుడు 2029 జాతీయ క్రీడలు అమరావతిలో పెట్టాలని మన ప్రభుత్వం ఆశపడుతోంది. రాజధాని తొమ్మిది నగరాల్లో ఒకటి స్పోర్ట్స్ సిటీ. నేను వద్దనట్లేదు. ఏ ఇంట్లోనైనా చుట్టాలను పిలిచే ముందు పొయ్యి దగ్గర ఉన్న మనిషిని ఒక మాట అడుగుతారు, బియ్యం ఉన్నాయా అని. అంచనా ఖర్చెంత? ఏ పద్దులోంచి? మళ్లీ ఏ ఉప ప్రణాళికలోంచి? కడపలో రంజీ మ్యాచ్ ఆడదగ్గ స్టేడియం ఉంది, దానికి ఏ పోటీ వస్తుంది? కర్నూలుకు ఏది? ఆటలయ్యాక ఆ భవనాల కరెంటు బిల్లు 2035లో ఎవరు కడతారు? ఈ కాగితం బిడ్ వెయ్యక ముందే ప్రతి జిల్లా పరిషత్ సమావేశంలో చర్చకు రావాలి, పత్రికల్లో అచ్చు కావాలి. కర్నూలు సభ్యులు అందులో "మాకొద్దు, ఆ వాటా డబ్బుతో మండలానికో మైదానం, ఒక కోచ్ ఇవ్వండి" అంటే ఆ మాట తీర్మానంలోకి ఎక్కాలి. "పెట్టండి, మా దగ్గర కూడా పెట్టండి" అంటే అదీ ఎక్కాలి. నేనైతే మొదటిదానికే చెయ్యెత్తుతాను. మా అమ్మ రెండోదానికి ఎత్తుతుందని నా అనుమానం.